ఉప్పలపాడు చెరువు, మా నాన్న జొన్న వరుసలు

ఈ సంచిక మీ చేతికి అందేసరికి చలి బాగా దిగి ఉంటుంది. హాఫ్ ఇయర్లీ పరీక్షలు అయిపోయి, సంక్రాంతి సెలవులు ఇంకా రాక, మధ్యలో రెండు మూడు ఆదివారాలు మిగులుతాయి. అందులో ఒక ఆదివారం నాకివ్వండి. మాల్‌కు వెళ్ళే బండిని ఈసారికి ఉప్పలపాడు వైపు తిప్పండి. గుంటూరు నుంచి పది కిలోమీటర్లలోపే, పెదకాకాని మండలంలో ఉంటుంది. కొండలు, అడవులు ఊహించుకోకండి. ఇళ్ళ మధ్య ఒక ఊరి చెరువు, అందులో మట్టి దిబ్బల మీద తుమ్మ చెట్లు, అంతే. కానీ ఆ చెట్ల మీద ఆకుల కంటే కొంగలే ఎక్కువ కనిపిస్తాయి.

ముందే చెబుతున్నాను, వాసన వస్తుంది. చేపల మార్కెట్ పక్కన నిలబడినట్టు ఉంటుంది. పిల్లలు ముక్కు మూసుకుని "అమ్మా, వెళ్ళిపోదాం" అంటారు. పది నిమిషాలు ఆగండి. వాసన ఎక్కడికీ పోదు గానీ, పిల్లలే మర్చిపోతారు. ఆ ఊరివాళ్ళు ఈ వాసనను ప్రతి సంవత్సరం నెలల తరబడి భరిస్తున్నారు. వాళ్ళు ఓర్చుకోబట్టే ఈ పక్షులు అక్కడున్నాయి. చెట్లు చాలకపోతే గూళ్ళు పెట్టుకోవడానికి నీళ్ళలో ఇనుప స్టాండ్లు కూడా నిలబెట్టారు. కొంగలకు అది చెట్టా ఇనుమా అన్న పట్టింపు లేదు. కింద నీళ్ళుంటే, పిల్లీ కుక్కా రాకుంటే చాలు.

అక్కడికి వెళ్ళినప్పుడు మీ పక్కన ఎవరో ఒకరు "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అంటారు. పేపర్లలోనూ అలాగే రాస్తుంటారు. మనలో చాలామందికి అది చిన్నప్పటి నుంచి స్థిరపడిపోయిన మాట. వాస్తవం వేరు. ఉప్పలపాడులో ఎక్కువగా కనిపించే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మన ఉపఖండం పక్షులే. గూడబాతు అంటే పెలికాన్, ఎర్రకాళ్ళ కొంగ అంటే పెయింటెడ్ స్టార్క్. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, కొల్లేరుకో పులికాట్‌కో ఇటో తిరుగుతుంటాయి. పిల్లల్ని పెట్టే కాలానికి తమకు నమ్మకమైన చెరువుకు చేరతాయి. నెల్లూరు వైపు నేలపట్టుకు వచ్చేవీ, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చింతచెట్ల మీద వాలేవీ ఈ జాతులే. కర్ణాటకలో కొక్కరె బెళ్ళూరు అనే ఊళ్ళో అయితే వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు. సైబీరియా మాట కంటే ఈ మాటే నిజానికి దగ్గర.

నిజంగా దూరం నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. వాటిని చూడటానికి పక్షుల కేంద్రం అక్కర్లేదు, మన చేలగట్లు చాలు. వాటి సంగతి కాస్త తర్వాత చెబుతాను.

చెరువు దగ్గర ఏం చూడాలో పిల్లలకు చెబితే వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. ఎర్రకాళ్ళ కొంగ లోతు తక్కువ నీళ్ళలో పొడుగాటి పసుపు ముక్కును సగం తెరిచి అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది. కంటితో వెతకదు. చేప ముక్కుకు తగలగానే టక్కున మూస్తుంది. నీళ్ళు మురికిగా ఉన్నా దాని పని ఆగదు. ఇంకో కొంగ ఉంది, రెండు దవడలు మధ్యలో కలవవు, సందు ఉంటుంది. అందుకే దాన్ని ఓపెన్‌బిల్ అంటారు. నత్తలు దాని తిండి. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. ఇక గూడబాతు. నీళ్ళ మీద ఎంత బద్ధకంగా కనిపిస్తుందో, గాల్లోకి లేచాక అంత హుందాగా ఉంటుంది. గూటికి దిగేటప్పుడు దాన్ని చూడండి, చిన్న విమానం దిగినట్టే.

గూళ్ళలో పిల్లలుంటే మధ్యాహ్నం పూట ఇంకోటి కనిపిస్తుంది. ఎండ ఎక్కువైతే ఎర్రకాళ్ళ కొంగ గూటి మీద రెక్కలు విప్పి గొడుగులా నిలబడుతుంది, పిల్లలు ఆ నీడలో ఉంటాయి. నోటితో నీళ్ళు తెచ్చి పిల్లల మీద పోయడం కూడా ఉంది. ఇది చూసి మా అమ్మాయి "అమ్మా, నువ్వు స్కూటీ మీద నాకు చున్నీ కప్పుతావు చూడు, అలా" అంది. నేనేం మాట్లాడలేదు గానీ, ఆ మాట నాకు బాగా నచ్చింది.

మా అమ్మాయి ఏడో తరగతి. నాలుగో తరగతిలోనే కళ్ళద్దాలు వచ్చాయి. ప్రతి ఏడాది నంబరు పెరుగుతూనే ఉంది. పోయిన ఏడాది కంటి డాక్టరు గారు అద్దాల చీటీ రాసిచ్చి, "రోజుకు ఎంతసేపు ఆరుబయట ఉంటుందమ్మా పాప?" అని అడిగారు. నేను లెక్కేశాను. ఇంటి గుమ్మం నుంచి బస్సు, బస్సు నుంచి క్లాసు, సాయంత్రం స్టడీ అవర్, మళ్ళీ బస్సు. ఆదివారం టెస్టు. ఆ లెక్కలో ఆకాశం ఎక్కడా రాలేదు. మీ ఇంట్లో ఎంత వస్తుందో మీరూ ఒకసారి వేసి చూడండి. స్కూలును తప్పుపట్టడానికి చెప్పడం లేదు. రోజు మొత్తం గదుల్లో గడిచిపోవడం మన పట్నపు ఇళ్ళన్నిటికీ ఉన్నదే.

డాక్టరు గారు చెప్పినదాని గురించి తర్వాత చదివాను. చైనాలో గ్వాంగ్‌ఝౌ నగరంలో కొన్ని స్కూళ్ళలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ అదనంగా పెట్టారు. మిగతా స్కూళ్ళలో మామూలుగా ఉంచారు. మూడేళ్ళ తర్వాత చూస్తే మామూలు స్కూళ్ళలో 39.5 శాతం మంది పిల్లలకు దూరపు చూపు తగ్గింది. ఆరుబయట గడిపిన స్కూళ్ళలో 30.4 శాతం మందికే. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. పెద్ద అద్భుతమేమీ కాదు, ఉన్న నంబరు పోతుందనీ కాదు. కానీ చిన్న తరగతుల పిల్లలు ఉన్నవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాల్సిందే.

"రోజూ బయట ఆడుకో" అంటే ఆడుకునే పిల్ల కాదు మాది. ఏదో ఒక పని ఉండాలి, నోట్‌బుక్ ఉండాలి, టిక్కులు పెట్టుకోవాలి. (ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలుసు.) అందుకని పక్షుల లెక్క మొదలుపెట్టాం. ఒక బైనాక్యులర్ కొన్నాం. ఖరీదైనది అక్కర్లేదు. దాని మీద 8x40 అనో 8x42 అనో ఉంటే చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఇంకా ఎక్కువ రెట్లున్నది కొంటే పిల్లల చేతులు వణికి బొమ్మ నిలవదు. కళ్ళద్దాలు తీయకుండానే చూడొచ్చు, కంటి దగ్గరి రబ్బరు కప్పును మడిస్తే సరి.

మొదటి నాలుగు ఆదివారాలు ఉప్పలపాడే. ఐదో వారం మా ఊరు వెళ్ళాం. పర్చూరు వైపు, నల్లరేగడి నేల. పాత లెక్కలో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మా నాన్నకు నాలుగెకరాలు. రెండెకరాలు పత్తి, రెండెకరాలు మిరప. మా అమ్మాయి ఉప్పలపాడు అలవాటుతోనే బైనాక్యులర్ మెడలో వేసుకుని మిరప చేలోకి దిగింది. గంటన్నర తిరిగి వచ్చి నోట్‌బుక్ తెరిచింది. కాకులు మూడు. నల్ల పిట్ట ఒకటి. గట్టు మీద గుడ్డి కొంగ ఒకటి. అంతే.

భోజనాల దగ్గర అందరి ముందూ అడిగేసింది. "తాతయ్యా, మన చేలో పిట్టలు ఎందుకు లేవు?"

మీ ఇంట్లోనూ వ్యవసాయం ఉంటే ఆ ప్రశ్న ఎంత బరువో మీకు తెలుసు. మా నాన్న 2021లో వేసిన మిరపను నల్ల తామర పురుగు తినేసింది. ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పూత నిలవక ఎన్ని చేలు పీకేశారో మనం చూశాం. ఆ తర్వాత నుంచి ఆయన పూత మీద ఒక్క పురుగు కనిపించినా ఆగరు. మందుల కొట్టు ఖాతా ఒక పంట నుంచి ఇంకో పంటకు దాటుతూనే ఉంది. మా అమ్మాయి ఫీజులో కొంత ఆ మిరప నుంచే వస్తుంది. నేను మధ్యలో కలగజేసుకుని మాట మార్చబోయాను. ఆయనే వద్దని చెయ్యి చూపించారు.

"పురుగుంటే పిట్ట ఉంటదమ్మా," అన్నారు. "పురుగును నేను చంపుతున్నా గదా, ఇంక పిట్ట ఏం తినుద్ది?"

"మరి పురుగును పిట్ట తింటే నువ్వు చంపక్కర్లేదుగా?"

"తామర పురుగును ఏ పిట్టా తినదు తల్లీ. నలుసంత ఉంటది. లద్దె పురుగునైతే తింటది."

ఆయన చెప్పింది నిజం. పక్షులు వస్తే మందులు మానెయ్యొచ్చు అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. పత్తిలో గులాబీ పురుగు కాయ లోపల ఉంటుంది, అక్కడికి ఏ ముక్కూ చేరదు. కానీ ఆకు మీద బయట తిరిగే లద్దె పురుగు, పచ్చ పురుగు సంగతి వేరు. వ్యవసాయ శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతున్న పక్షి స్థావరాలు అందుకే. చేలో అక్కడక్కడా ఇంగ్లిషు 'టి' ఆకారంలో కర్రలు పాతితే పిట్టలు వాటి మీద వాలి పురుగుల్ని ఏరుకుంటాయి. ఆ సాయంత్రమే తాతా మనవరాలూ కలిసి పాత వెదురు బొంగులు కోసి పన్నెండు పాతారు. తెల్లారేసరికి ఒకదాని మీద తోక చీలిన నల్ల పిట్ట కూర్చుని ఉంది. మా అమ్మాయి దాన్ని "బ్లాక్ డ్రాంగో" అని రాసుకుంది. మా నాన్న "పసుల పోలిగాడు" అన్నారు. పశువుల వీపు మీద స్వారీ చేస్తూ, అవి మేసేటప్పుడు లేచే పురుగుల్ని పట్టుకుంటుందట. అందుకే ఆ పేరు అని ఆయన అంటారు.

ఇక్కడ నాకు ఇన్నేళ్ళూ తెలియనిది ఒకటి తెలిసింది. మా నాన్నకు చాలా పిట్టల పేర్లు తెలుసు. పోలిగాడు, పసిరిక, కూకుడు గువ్వ, తీతువు, లకుముకి. పుస్తకం చూసి నేర్చుకున్నవి కావు. ఆయన పదేళ్ళ వయసులో మా తాత ఆయన్ని బడి మాన్పించి జొన్నచేలో మంచె ఎక్కించాడట. చేతిలో వడిసెల, పక్కన రాళ్ళ కుప్ప. పొద్దు పొడవక ముందు నుంచి పిట్టల్ని తోలడమే పని. "ఏ పిట్ట ఏ వేళకొస్తదో తెలవకపోతే గింజ మిగలదు" అన్నారు. అంటే ఆయన పక్షుల చదువంతా వాటిని తరమడం కోసం నేర్చుకున్నది. ఆయన ఐదో తరగతితో ఆగిపోయారని నాకు తెలుసు. ఎందుకు ఆగిపోయారో, మంచె మీద ఏం చేసేవారో నేనెప్పుడూ వినలేదు. మా అమ్మాయి నోట్‌బుక్ తెరిచి "ఇంకా చెప్పు తాతయ్యా" అంటే అన్నీ వరసగా చెప్పారు.

ఈ వ్యాసాన్ని ఇంగ్లిషు పేజీలకు ఇవ్వగలరా అని మా అమ్మాయి క్లాస్ టీచర్ గారు అడిగారు. ఆ పేర్ల కోసమే తెలుగులో రాస్తున్నాను.

తీతువు మీద మాత్రం ఇద్దరికీ పడలేదు. రాత్రిపూట తీతువు అరిస్తే కీడని మా నాన్న నమ్మకం. అది చేలో వట్టి నేల మీదే గుడ్లు పెడుతుందనీ, ఎవరైనా దగ్గరికొస్తే గుడ్లకు కాపలాగా అరుస్తుందనీ మా అమ్మాయి చదివింది. "కీడు మనకు కాదు తాతయ్యా, దానికే. మనం వస్తున్నామని." ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

ఇక దూరం నుంచి వచ్చేవాటి మాట. ఈ ఏడాది మా నాన్న మిరప చుట్టూ మూడు వరుసలు జొన్న వేశారు. పిట్టల కోసం కాదు. చుట్టూ జొన్నో మొక్కజొన్నో గోడలా ఉంటే పక్క చేల నుంచి గాలికి కొట్టుకొచ్చే పురుగులు కొంత ఆగుతాయని వ్యవసాయ శాఖ వాళ్ళు చెబితే వేశారు. నవంబరులో కంకులు పాలు పోసుకున్నాయి. ఒక పొద్దున నాన్న ఫోన్ చేశారు. "అమ్మాయ్, పాపకి చెప్పు. గులాబీ రంగు గోరింకలు వచ్చినయ్. వందకు పైనే ఉంటయ్."

రోజీ స్టార్లింగ్ అంటారు వాటిని. ఒళ్ళు లేత గులాబీ, తలా రెక్కలూ నలుపు. మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో మిడతలు తింటూ పిల్లల్ని పెంచి, చలికి మన దేశానికి వస్తాయి. వేలకొద్దీ కలిసి ఎగిరితే ఆకాశంలో పొగ మెలితిరిగినట్టు ఉంటుంది. జొన్నలంటే ప్రాణం. వానాకాలం చివర్లో వచ్చి, వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. ఇలాంటి చలికాలపు అతిథులు ఇంకా ఉన్నాయి. చేల మీద తక్కువ ఎత్తులో రెక్కలు పైకి ఎత్తి తేలుతూ పోయే గద్ద కనిపిస్తే అది హ్యారియర్ కావచ్చు, అదీ ఉత్తరం నుంచి వచ్చేదే. గట్ల మీద తోక ఊపుతూ పరిగెత్తే పసుపు పిట్టలు, చెరువుల్లో సూది తోక బాతులు కూడా అంతే. సైబీరియా కథ వీటిలో కొన్నిటికి సరిపోతుంది.

మేం ఆ ఆదివారం ఊరు వెళ్ళాం. చేలో నాకు వింతగా అనిపించింది ఒకటే. జొన్న వరుసలకు మెరిసే రిబ్బన్లు కట్టలేదు. మా ఊళ్ళో పిట్టలకు అవి కట్టని జొన్నచేను ఉండదు. డబ్బా కూడా మోగడం లేదు. "తోలలేదేం నాన్నా?" అంటే, "ఆ మూడు వరుసలు పురుక్కి అడ్డం. గింజ నాకెందుకు," అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. "పదేళ్ళప్పుడు వడిసెల తిప్పి తిప్పి భుజం వాచేది. ఆ పిట్టే ఇది. అప్పుడు దాని రంగు చూళ్ళా."

మందు కొట్టడం మానలేదు. మొన్న కూడా కొట్టారు. ఆ రోజు మా అమ్మాయిని చేను దరిదాపుల్లోకి రానివ్వలేదు, బైనాక్యులర్ పట్టుకుని ఇంటి డాబా మీదే ఉండమన్నారు. ఆమెకు కోపం వచ్చింది. "నేను రాకూడదు, మరి పిట్టలు?" అంది. ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఈసారి గట్టు పక్క జొన్న వరుసల మీద పడకుండా కొట్టించానని మాత్రం రాత్రి చెప్పారు. దాన్ని ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది, తేదీతో సహా.

మీరు వెళ్ళేటప్పుడు కొన్ని సంగతులు. ఉప్పలపాడుకు పొద్దున్నే వెళ్ళండి, లేదా సాయంత్రం నాలుగు దాటాక. పగలు మేతకు పోయిన పక్షులు సాయంత్రం గుంపులుగా గూళ్ళకు దిగుతాయి. ఆ గంట కోసమే వెళ్ళొచ్చు. చిప్స్ ప్యాకెట్లు విసరనివ్వకండి. పెద్దగా అరవనివ్వకండి, గూటి మీది కొంగ ఒక్కసారి లేస్తే కాకులు గుడ్ల మీద వాలతాయి. సొంత ఊళ్ళో చేను ఉన్నవాళ్ళయితే సంక్రాంతికి అక్కడే లెక్క పెట్టించండి. మన రాష్ట్ర పక్షి ఏదో పిల్లల్ని అడగండి. పాలపిట్ట అంటారు. అది ఉమ్మడి రాష్ట్రానిది, ఇప్పుడు తెలంగాణది. మనకు 2018 నుంచి రామచిలుక. మిరపపళ్ళు ఎరుపెక్కాక చేలో తేలిగ్గా కనిపించే పక్షి అదే, రైతు మాత్రం దాన్ని చూసి మురిసిపోడు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పక్షుల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటుంది, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. 2013 నుంచి మన దేశంలోనూ జరుగుతోంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, కనిపించిన పక్షులెన్నో ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో ఎక్కించాలి. మేడ మీదైనా సరే, స్కూలు గ్రౌండ్‌లోనైనా సరే. మా అమ్మాయికి ఆ వారాంతంలో యూనిట్ టెస్టులు ఉంటాయేమో. అందుకని ముందే ఏర్పాటు చేసుకుంది. వాళ్ళ తాతయ్యకు లెక్కపెట్టే పద్ధతి నేర్పింది. గుంపును పది పదిగా విడగొట్టాలి, ఒకే పిట్టను రెండుసార్లు లెక్కపెట్టకూడదు, కనిపించనిది రాయకూడదు. మా నాన్నకు రాత అంత బాగా రాదు. అందుకని రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసి చెబుతున్నారు, ఈమె రాసుకుంటోంది.

నిన్నటి లెక్క: పోలిగాళ్ళు నాలుగు, పసిరికలు ఆరు, కూకుడు గువ్వ ఒకటి, గులాబీ గోరింకలు "ఒక అరవై, ఎగిరినయ్, సరిగ్గా కుదర్లా".

"కుదరకపోతే సుమారుగా అని రాస్తా తాతయ్యా," అంది.

"అట్టనే రాయి," అన్నారు. "రేపు పొద్దున్నే పోయి మళ్ళీ చూస్తా."